మాల వేసేముందు ఒక ప్రశ్న, మాల తీశాక మరో నెల

సంపాదకుల వారికి, నమస్కారం.

కార్తీకం దగ్గర పడుతోంది. నవంబరు మధ్యలో వృశ్చిక మాసం ప్రవేశించగానే శబరిమలలో మండల పూజలు మొదలవుతాయి కనుక, మా ఊళ్లో మాల వేసుకోదలచినవారు ఇప్పటినుంచే వచ్చి రోజు అడిగి వెళుతున్నారు. పద్దెనిమిదో యాత్ర పూర్తిచేసి కొబ్బరిమొక్క మోసుకెళ్లిన నాటి నుంచి మా పేటలోని గుడిలో గురుస్వామిగా మాలలు వేస్తున్నాను. తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. నా చేత మాల వేయించుకున్నవారిలో చాలామంది భక్తితో పాటు మరొక కోరిక కూడా మనసులో పెట్టుకుని వస్తారు. ఆ కోరికను కొందరు నాకు చెవిలో చెబుతారు, కొందరి విషయంలో వారి తల్లో భార్యో చెబుతుంది: ఈ 41 రోజులైనా మందు మానాలని. ఆ మానడం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏళ్లు దాటిన మగవారిలో తెలంగాణలో నూటికి 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 23 మంది మద్యం తాగుతున్నట్టు తేలింది. ఇంతమంది తాగే చోట, ఏ పోలీసూ ఏ చట్టమూ నిలబడి చూడకుండానే, ఏటా చలికాలంలో వేలమంది మగవారు నెలకు పైగా మద్యం ముట్టకుండా ఉండగలుగుతున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడపడుచులు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నేను కళ్లారా చూసిన తరం వాడిని. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. చట్టం వచ్చింది, పోయింది. ఈ వ్రతం మాత్రం ఏటా జరుగుతూనే ఉంది. దీని విలువను మనం ఇంకా సరిగా గుర్తించలేదని నా బాధ.

మానిపించేది మెడలోని మాల ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆ 41 రోజుల్లో ఒక మనిషి చుట్టూ ఎన్ని మారతాయో దగ్గరుండి చూస్తేగాని తెలియదు. తెల్లవారుజామున చన్నీటి తలస్నానం, నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, చాపమీద పడక, రెండుపూటలా పూజ, ఒంటిపూట భిక్ష. వీటన్నిటికంటే పెద్దది పిలుపు. నిన్నటిదాకా ‘ఏరా’ అన్న కాంట్రాక్టరు, ముఖం చూడటానికే ఇష్టపడని బావమరిది, రాత్రి తలుపు చప్పుడైతే మూలకు నక్కిన పిల్లలు, అందరూ మాల పడిన క్షణం నుంచి అతన్ని ‘స్వామీ’ అంటారు. భార్య కూడా ‘స్వామీ, భిక్షకు రండి’ అని పిలుస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఇంట్లో గౌరవం పోగొట్టుకున్నవాడికి అది ఒక్కరోజులో తిరిగి దొరుకుతుంది. ఇక సాయంత్రం ఏడు గంటలు. అలవాటున్నవాడికి అతి కష్టమైన వేళ అదే. ఆ వేళకు అతను మద్యం దుకాణం ముందు కాకుండా పడిపూజలోనో భజనలోనో ఉంటాడు, చుట్టూ తనలాంటివారే ఉంటారు. ఎప్పుడైనా మనసు చలించి అటు వెళ్లినా, ఆ బట్టల్లో ఉన్నవాడికి సీసా అమ్మడానికి ఎవరికీ చెయ్యి రాదు. బెల్టు షాపు నడిపే మనిషే ‘తప్పు స్వామీ, వెళ్లండి’ అని వెనక్కి పంపిన సంగతి ఒకరు నాతో చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకున్నారు.

నెల రోజుల విరామం వల్ల శరీరానికి మేలు జరుగుతుందనడానికి వైద్యుల లెక్కలు కూడా ఉన్నాయి. బ్రిటన్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ 2013 నుంచి ‘డ్రై జనవరి’ పేరుతో జనవరి నెలంతా మద్యం మానేలా ప్రజలను ప్రోత్సహిస్తోంది. ఎక్కువగా తాగే 94 మంది నెల పాటు మానేసినప్పుడు వారి రక్తపోటు, బరువు తగ్గాయని, మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత దాదాపు నాలుగో వంతు తగ్గిందని లండన్ వైద్యులు 2018లో ప్రచురించారు. కాలేయంలో చేరిన కొవ్వు కూడా తాగుడు ఆపిన కొద్ది వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. దీక్షలో ఉన్నవారి ముఖాలు మూడో వారానికి తేరుకోవడం, నిద్ర పట్టడం, చేతిలో నాలుగు డబ్బులు మిగలడం మేము ఏటా చూస్తున్నదే.

అయితే అదే బ్రిటన్ సంస్థ ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. రోజూ బాగా తాగుతూ, తాగకపోతే చేతులు వణికే స్థితికి చేరినవారు డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానకూడదని. మన దీక్షా నియమాల్లో ఈ మాట ఎక్కడా లేదు. నాకూ చాలా కాలం తెలియదు, తెలియనందుకు దాదాపు ఒక ప్రాణం మీదికి వచ్చింది.

పదకొండేళ్ల కిందట మా పేటకే చెందిన ఒక తాపీమేస్త్రీకి మాల వేశాను. రోజూ పొద్దున్నే ఒక క్వార్టరు, రాత్రికి ఇంకా ఎక్కువ తాగే మనిషి అని వాళ్ల అమ్మ చెప్పినా, స్వామి దయవల్ల అంతా సర్దుకుంటుందని ధైర్యం చెప్పాను. మొదటి రోజు సాయంత్రానికే అతని చేతులు వణకసాగాయి, హారతి పళ్లెం పట్టుకోలేకపోయాడు. రెండో రోజు ఒళ్లంతా చెమటలు, వాంతులు. ఉపవాసం వల్ల నీరసం అనుకున్నాం. ఆ రాత్రి ఫిట్స్ వచ్చి పడిపోయాడు, తెలివి వచ్చాక గోడమీద పురుగులు పాకుతున్నాయని అరవడం మొదలుపెట్టాడు. చేరినవారిలో కొందరు నియమం తప్పాడన్నారు, కొందరు స్వామి పూనాడన్నారు. ఎవరో ఒక కుర్రాడు ఆటో తెచ్చి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లబట్టి బతికాడు. అక్కడి డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, ‘ఇతను మందు ఎప్పుడు మానేశాడు?’

ఆ డాక్టరుగారు నాకు ఓపికగా చెప్పిన సంగతులు ఇవి. ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు మద్యానికి అలవాటుపడి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మతిభ్రమణ కలగవచ్చు, వైద్యం అందకపోతే కొందరు చనిపోతారు కూడా. సరిగా తినక బి1 విటమిన్ తగ్గిపోయి ఉన్న శరీరానికి ఒంటిపూట భోజనం మరింత భారమవుతుంది. వైద్యుల పర్యవేక్షణలో కొద్ది రోజులు మాత్రలు ఇచ్చి, క్రమంగా తగ్గిస్తూ, విటమిన్ ఇస్తే ఈ గండం చాలావరకు సాఫీగా దాటిపోతుంది. మేస్త్రీని ఆరు రోజులు ఉంచుకుని పంపారు. మరుసటి ఏడాది అతను ముందు ఆ డాక్టరుగారి దగ్గర తాగుడు మానేసి, ఆ తర్వాతే నా దగ్గరకు వచ్చి మాల వేయించుకుని, ఇరుముడితో పద్దెనిమిది మెట్లూ ఎక్కాడు.

అందుచేత తోటి గురుస్వాములకు చేతులెత్తి మనవి చేస్తున్నాను. మాల వేసేముందు ప్రతివారినీ పక్కకు పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: ‘స్వామీ, పొద్దున లేవగానే తాగకపోతే మీకు చేతులు వణుకుతాయా?’ అవునన్నా, మునుపు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయన్నా, ముహూర్తం రెండు వారాలు వాయిదా వేసి ముందు ఆసుపత్రికి పంపండి. స్వామి ఆ రెండు వారాలు ఎదురుచూస్తాడు. అడగడానికి మొహమాటపడతాం, మనిషి అవమానపడతాడేమో అనుకుంటాం. అడిగినవాళ్లలో నామీద కోపగించినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు.

రెండో గండం దీక్ష చివర ఉంది. నవంబరు మధ్యలో మాల వేసినవారికి 41 రోజులు డిసెంబరు చివరి వారంలో నిండుతాయి. నాలుగైదు రోజులు తిరిగేసరికి డిసెంబరు 31 రాత్రి వస్తుంది. మకరజ్యోతి దాకా ఉండేవారు తిరిగి వచ్చేది సంక్రాంతి, కనుమల సందడిలోకి. కొండ దిగిన వాహనంలోనే సీసాలు తెరిచేవారు కూడా ఉన్నారని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. మాల తీసిన గంటలోనే ఆ పిలుపు, ఆ బట్టలు, ఆ సాయంత్రపు భజన, ఆ తోటివారు అన్నీ ఒకేసారి పోతాయి. నెలన్నరగా మద్యం లేని శరీరం పాత మోతాదును తట్టుకోలేదు కనుక, ‘నాకు అలవాటే’ అని మునుపటంత తాగి బండి ఎక్కినవాడికి ప్రమాదం మరింత ఎక్కువ. మాల తీయించడానికి భర్తతో పాటు వచ్చిన ఒక ఇల్లాలు, అతను కాస్త పక్కకు వెళ్లగానే నన్ను అడిగింది: ‘స్వామీ, ఇంకో నెల ఉంచుకోకూడదా?’ శాస్త్రం ఏం చెబుతుందో చెప్పి పంపేశాను. ఆ జవాబు నన్ను ఏళ్ల తరబడి బాధపెట్టింది.

మూడేళ్లుగా మా గుడిలో, మాల తీసిన తర్వాత కూడా నెల రోజుల పాటు సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు భజన కొనసాగిస్తున్నాం. నల్లబట్టలు అక్కర్లేదు, నియమాలేమీ లేవు, ఆ వేళకు వచ్చి కూర్చుంటే చాలు. అక్కడ ఒకరినొకరు ఇప్పటికీ ‘స్వామీ’ అనే పిలుచుకుంటారు. అందరూ నిలబడలేదు. జారిపోయినవారిని ఎవరూ ఎగతాళి చేయకూడదన్నది మేము పెట్టుకున్న ఒకే ఒక కట్టుబాటు.

మీ పత్రిక ఏటా దీక్షల కాలంలో అయ్యప్ప స్వాములకు, భవానీలకు, శివస్వాములకు ప్రత్యేక పేజీలు కేటాయిస్తోంది. ఆ పేజీల్లో నియమాల పక్కనే ఈ నాలుగు మాటలు వేయండి: రోజూ తాగేవారు ముందు డాక్టరును కలవాలని, వణుకు, ఫిట్స్, మతిభ్రమణ కనబడితే అది దైవాగ్రహం కాదని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని, వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 14446, మానసిక సహాయానికి టెలీ మానస్ 14416 ఉన్నాయని. జిల్లా వైద్యాధికారులు కూడా నవంబరు మొదటి వారంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లను పెద్ద గుళ్లకు ఒక్క పూట పంపగలిగితే, మాల వేసేచోటే ఈ పరీక్ష జరిగిపోతుంది.

ఈ ఏడాది మా సాయంత్రపు భజన డిసెంబరు 31న కూడా ఉంటుంది, ఆ రాత్రి మాత్రం పన్నెండు దాటేదాకా సాగుతుంది. గుడి తాళాలు తీసి దీపం పెట్టే పని తనకే కావాలని ఆ తాపీమేస్త్రీ ఇప్పటికే అడిగి తీసుకున్నాడు.

ఇట్లు,
ఒక గురుస్వామి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి