నర్సులూ జీఐ బిల్లుతో చదువుకున్నారు

అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన వారికి ఉన్నత విద్యను అందించిన 1944 నాటి జీఐ బిల్లుపై మీరు ప్రచురించిన వ్యాసంలో, యుద్ధకాలంలో నర్సులుగా పనిచేసి అదే చట్టం కింద చదువుకున్న మహిళల ప్రస్తావన లేకపోవడం పెద్ద లోపం. సైనిక నర్సుల దళంలో ఆ యుద్ధకాలంలో దాదాపు 59,000 మంది సేవలందించారు. ఫిలిప్పీన్స్‌లో జపాన్ సేనలకు పట్టుబడిన నర్సులైతే మనీలాలోని శాంటో తోమాస్ నిర్బంధ శిబిరంలో, తామే ఆకలితో కృశిస్తున్నా, 1945 ఫిబ్రవరిలో విముక్తి లభించేవరకు తోటి బందీలకు చికిత్స మానలేదు. ఈ చట్టం కింద కళాశాలల్లో చేరిన సుమారు 22 లక్షల మందిలో మహిళలు దాదాపు 3 శాతమే కావడంతో మాజీ సైనికులంటే పురుషులేనన్న భావన స్థిరపడిపోయింది. నేను అమెరికాలో చదువుకున్న విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని ఆ కాలపు ఛాయాచిత్రాల్లోనూ యువకులే ఉన్నారు తప్ప ఒక్క నర్సు పేరైనా కనిపించలేదు. ఇది చాలా అన్యాయం. ఆ నర్సుల్లో జీవించి ఉన్నవారు నూరేళ్లకు చేరువైన లేదా దాటిన ఈ తరుణంలో, విశ్వవిద్యాలయాలు పాత ప్రవేశ పట్టికలను పరిశీలించి, కుటుంబాల వద్ద మిగిలిన ఉత్తరాలను, జ్ఞాపకాలను వెంటనే సేకరించాలి. అక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థులు ఇందులో పాలుపంచుకోవాలి, మీరూ ఆ మహిళలపై ప్రత్యేక వ్యాసం ప్రచురించాలి.

– ఒక పాఠకురాలు, గుంటూరు