కొస కుళాయి దగ్గర జరిగే పని

సంపాదకులకు నమస్కారం.

కొద్ది రోజులుగా మీ పత్రికలో జ్వరాల వార్తలూ, వాటి పక్కనే సాయంత్రాలు వీధుల్లో పొగ కొడుతున్న ఫొటోలూ చూస్తున్నాను. ఒక చిన్న నగరపు ప్రజారోగ్య విభాగంలో చాలా ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన నాకు ఆ ఫొటోలు చూసినప్పుడల్లా ఒక మాట చెప్పాలనిపిస్తుంది. ఆ విభాగం చేసే పనులన్నిటిలో అందరి కంటా పడేది పొగ ఒక్కటే. రోగం రాకుండా ఆపే పనులు తెల్లవారుజామున కుళాయిల దగ్గర, ఇళ్ల వెనక తొట్ల దగ్గర, ఎవరూ తెరిచి చూడని రిజిస్టర్లలో జరుగుతాయి. అవి ఆగిపోయినా, రోగం వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

ముందుగా పొగ సంగతే చెబుతాను. పొగ ఆ కాసేపట్లో ఎగురుతున్న దోమలకు తగిలితేనే వాటిని చంపుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ ఎక్కువగా పగటిపూట కుడుతుంది, తక్కిన సమయంలో మంచాల కింద, వేలాడే బట్టల చాటున నక్కి ఉంటుంది. వీధిలో కొట్టిన పొగ అక్కడిదాకా చేరేది చాలా తక్కువ. పైగా ఆ దోమ నీటి మట్టానికి కాస్త పైన తొట్టి గోడకు గుడ్లు అంటించి పోతుంది. ఆ గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. వెచ్చటి వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. అందుకే తొట్టిలో నీళ్లు ఒంపేస్తే సరిపోదు, వారానికొకసారి దాని గోడలను గట్టిగా రుద్ది ఆరబెట్టాలని మా సిబ్బంది ఇంటింటికీ తిరిగి చెబుతారు. నాతో పనిచేసిన ఒక కార్యకర్త లార్వా, అంటే నీళ్లలో ఉండే దోమ పిల్లపురుగు, కోసం వెతికే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. టార్చి వెలుగు పడగానే లార్వాలు మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోతాయి. ఆమె కంగారుపడకుండా, గాలి కోసం అవి మళ్లీ పైకి వచ్చేదాకా తొట్టి పక్కనే కదలకుండా నిలబడి, పైకి తేలినవాటిని గరిటెతో తీసి ఇంటివాళ్లకు చూపించేది. కళ్లారా చూసిన ఇల్లాలు ఆ తొట్టిని తర్వాతి వారం తప్పకుండా కడిగేది. వంద ఇళ్లు చూస్తే ఎన్నిటిలో లార్వా దొరికిందన్న ఆ ఒక్క అంకె, ఎన్ని వీధుల్లో పొగ కొట్టారన్న లెక్క కన్నా ఎంతో విలువైనదని నా అనుభవం.

ఇక నీళ్ల సంగతి. క్రిములను చంపడానికి కలిపే క్లోరిన్ కుళాయి నీటిలో మిగిలి ఉందో లేదో చూసే క్లోరోస్కోపు చేతిలో పట్టే చిన్న పెట్టె. కాసేపు నీళ్లు వదిలేసి, గాజు గొట్టంలో గీత వరకు పట్టి, మందు చుక్కలు వేస్తే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ రంగును పెట్టెలోని నమూనా రంగులతో పోల్చి అంకె రాసుకోవాలి. ఇంటికి చేరే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ఈ పరీక్షను ట్యాంకు కింద చేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు, పైపులైను చివర ఉన్న కొస కుళాయి దగ్గర చేయాలి. నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదిలే చోట, సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది; ఎక్కడైనా పగులు ఉండి పక్కనే మురుగు పారుతుంటే ఆ మురుగును పైపే లోపలికి లాగేసుకుంటుంది. ఆ కలుషితం క్లోరిన్‌ను తినేస్తుంది. కాబట్టి కొస కుళాయి దగ్గర రంగు రాలేదంటే పైన ఎక్కడో పైపు పగిలిందని అనుమానించాలి.

నా ఉద్యోగకాలంలో ఒక పేటలో వరసగా మూడు రోజులు ఆ రంగు రాలేదు. మా సిబ్బంది మూడు రోజులూ పుస్తకంలో సున్నా రాశారు, కాగితం పైకి పంపారు. పైపుల పని చూసే అధికారి సెలవులో ఉండటంతో ఆ కాగితం బల్ల మీదే ఉండిపోయింది. నేనూ కాగితం పంపి ఊరుకున్నాను గానీ, వెళ్లి ఆ పేటకు నీళ్లు వదిలే వాల్వు కట్టించలేదు. నాలుగో రోజున వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి వరండా నిండిపోయింది. ఆ తర్వాత నీళ్ల ట్యాంకర్లు, వైద్య శిబిరాలు, పెద్దల పర్యటనలు అన్నీ వచ్చాయి. మూడు సున్నాలున్న ఆ పుస్తకాన్ని చూపించమని మాత్రం విలేకరులు గానీ, ప్రజాప్రతినిధులు గానీ, ఆ పేటవాళ్లు గానీ ఒక్కరూ అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదలలేదు.

పుస్తకాల్లో రాతలు గుమాస్తా పని అని తేలిగ్గా తీసిపారేసేవారికి ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పరిసరాల్లో కలరా విజృంభించినప్పుడు, డాక్టర్ జాన్ స్నో మరణాల నమోదు కార్యాలయం నుంచి చనిపోయినవారి వివరాలు తెచ్చుకుని, ఇల్లిల్లూ తిరిగి విచారించి, రోగమంతా ఒక్క చేతిపంపు చుట్టూ ఉందని తేల్చాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు. కలరాకు కారణమైన సూక్ష్మజీవి పాత్రను శాస్త్రలోకం ఇంకా అంగీకరించని కాలమది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చనిపోయారో ఏ రోజుకారోజు సరిగ్గా నమోదై ఉండకపోతే స్నో ఎక్కడ మొదలుపెట్టేవాడు? మరణ ధ్రువపత్రంలో కారణం అన్నచోట 'గుండె ఆగిపోయింది' అని రాసి పంపేస్తే, అలాంటి జాడ ఏదీ ఎవరికీ దొరకదు.

టీకాల ఫ్రిజ్ గురించి కూడా రెండు మాటలు. అందులో వేడి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఉదయం, సాయంత్రం థర్మామీటరు చూసి చార్టులో రాయాలి, సెలవు రోజైనా సరే. వేడెక్కితే పాడవుతాయని అందరికీ తెలుసు గానీ, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాల వంటివి గడ్డకట్టినా పనికిరావు. తట్టు ఊళ్లో పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికైనా రక్షణ ఉండాలి కాబట్టి, పాడైన టీకా వేసి లెక్కలో రాసుకున్న పిల్లలంతా రక్షణ లేని పిల్లలే.

ఈ పనులు చేసేది గుప్పెడు మంది. ల్యాబ్ టెక్నీషియన్ రిటైరైతే ఆ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచడం, ఇన్‌స్పెక్టర్లను సర్వేలకూ, సభల ఏర్పాట్లకూ పంపడం నేను చూశాను. ఏ వారం వాళ్లను అలా పంపుతారో ఆ వారం పుస్తకంలో ఖాళీ గళ్లు ఉంటాయి. నగరపాలకులు ఈ ఖాళీలను ముందుగా నింపాలి, నింపినవారిని ఆ పనిలోనే ఉంచాలి.

మీ పత్రికకు నా విన్నపం ఒకటుంది. బంగారం ధరలకూ వాతావరణానికీ ఇచ్చినట్టే, వారానికొకసారి స్థానిక పేజీలో చిన్న పెట్టె కట్టి మూడు అంకెలు వేయండి: ఎన్ని కొస కుళాయిలు పరీక్షిస్తే ఎన్నిటిలో క్లోరిన్ తక్కువగా ఉంది, ఏ వార్డులో ఎన్ని ఇళ్లలో లార్వా దొరికింది, ఈ నెల టీకా వేయాల్సిన పిల్లల్లో ఎందరికి వేశారు. ఇవన్నీ ఆరోగ్య విభాగం రిజిస్టర్లలో ఉండేవే. పరీక్ష జరగని వార్డు ఉంటే ఆ గడిని ఖాళీగానే అచ్చువేయండి, ఎందుకు ఖాళీగా ఉందో ఆ వార్డు జనం మర్నాడు వెళ్లి అడుగుతారు.

ఇట్లు,
ప్రజారోగ్య విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు