లాప్‌టాప్ అమ్మేముందు బయోస్ పాస్‌వర్డ్ తీసెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కంపెనీలు వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు ఇప్పుడు ఊరూరా అమ్ముతున్నారు, కొత్తది కొనలేని ఇంజినీరింగ్ పిల్లలకి అవే దిక్కు. అయితే కొన్నిటికి పాత కంపెనీ పెట్టిన బయోస్ (ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతోంది. విండోస్ మామూలుగానే ఓపెన్ అవుతుంది కాబట్టి కొనేటప్పుడు ఎవరికీ తెలీదు. మా తమ్ముడి కూతురు లెనోవో థింక్‌ప్యాడ్ లాప్‌టాప్ కొనుక్కుని, విండోస్ బదులు లినక్స్ వేసుకుందామని ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కితే తాళం బొమ్మ, ఒక ఖాళీ గడి, అంతే. పాస్‌వర్డ్ మర్చిపోయారా అని అడిగే లింకు కూడా ఉండదక్కడ. అమ్మినతను ఫోన్ ఎత్తట్లేదు.

రిపేర్ షాపులో అడిగితే సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీదుండే చిన్న బిళ్ల బ్యాటరీ) పీకి పెడతాం, పోతుంది అంటారు. పాత డెస్క్‌టాప్‌లకైతే నిజమే, ఆ సీఆర్2032 బిళ్ల తీసినా, బోర్డు మీద జంపర్ (పిన్నుల్ని కలిపే చిన్న క్లిప్పు) మార్చినా చాలావాటిల్లో పోయేది. ఈ లాప్‌టాప్‌లలో పాస్‌వర్డ్ ఉండేది కరెంటు లేకపోయినా చెరగని చిప్‌లో, బ్యాటరీ ఎన్నాళ్లు తీసి పక్కన పెట్టినా దానికేం కాదు. థింక్‌ప్యాడ్‌లో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (బయోస్ సెట్టింగులకి వేసే తాళం) మర్చిపోతే మదర్‌బోర్డు మార్చాల్సిందేనని లెనోవో గైడ్‌లోనే ఉంటుంది, దానికీ కొన్న బిల్లు చూపించాలి, డబ్బులూ కట్టాలి. ఇంటెల్ చిప్ ఉన్న యాపిల్ మ్యాక్‌లకి ఇలాంటిదే అయిన ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ మర్చిపోతే యాపిల్ సర్వీస్ వాళ్లు తీస్తారు కానీ వాళ్లూ బిల్లే అడుగుతారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పిల్ల అసలు బిల్లు ఎక్కణ్ణించి తెస్తుంది?

తాళం గట్టిగా ఉండకూడదని నేననను, దొంగతనం చేసినవాడికి లాప్‌టాప్ అక్కరకు రాకుండా చేసేది ఆ తాళమే. కానీ పాస్‌వర్డ్ తెలిసిన కంపెనీ ఐటీ వాళ్లకి అది తీసెయ్యడం రెండు నిమిషాల పని. డిస్కులు శ్రద్ధగా తుడిపించి పంపే వాళ్లు ఇదొక్కటి వదిలేస్తే ఆ భారం ఎవరి మీద పడుతుందో ఆలోచించాలి కదా. అమ్మే షాపులవాళ్లు కూడా సీరియల్ నంబర్ వేసి బిల్లివ్వాలి, బయోస్ లాక్ ఉంటే వెనక్కి తీసుకుంటామని దాని మీదే రాయాలి.

ఇలా ఇరుక్కున్నవాళ్లు ఫైళ్ల గురించి భయపడక్కర్లేదు, ఈ పాస్‌వర్డ్ డిస్కులో డేటాని ఎన్‌క్రిప్ట్ చెయ్యదు. డిస్కు విడిగా ఊడొచ్చే మోడల్ అయితే తీసి యూఎస్‌బీ కేస్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. విండోస్‌లో డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ కావాలి, అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయిందేమో చూడండి.

కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందే కౌంటర్ దగ్గర లాప్‌టాప్ ఆపి ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్లే కీ నొక్కి చూడండి, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. లోపలికి పోయింది కదా అని వదిలెయ్యకండి, కొన్నిట్లో చూడనిస్తుంది గానీ మార్చనివ్వదు, బూట్ ఆర్డర్ (దేన్నుంచి ముందు ఆన్ అవ్వాలో చెప్పే వరస) మార్చి సేవ్ చేసి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఖమ్మం