ఆదివారం మొక్కలు తెచ్చేవాళ్లకి

అందరికీ నమస్తే, నిన్న ఎవరో అడిగారు కదా ఎండిపోయిన ఆకులు దాచి ఏం చేస్తారు అని, దానికే ఇది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలు దాచే చోటు) తెలుసుగా, అక్కడ బాటనీ ప్రొఫెసర్‌గా చేసిన పుల్లయ్య గారు, ఆయన స్టూడెంట్స్ కొండాకోనా తిరిగి తెచ్చిన షీట్లే (ఎండిన మొక్కని అతికించి లేబుల్ పెట్టిన కాగితాలు) అక్కడ ఎక్కువ, 1997లో మొదలైన ఫ్లోరా ఆఫ్ ఆంధ్రప్రదేశ్ (మన రాష్ట్రంలో పెరిగే మొక్కల వివరాలు) పుస్తకాలకి వెనక ఉన్న కష్టం అదే. కొండ గుగ్గిలం చెట్టు మన తూర్పు కనుమల్లో తప్ప ఇంకెక్కడా పెరగదు, అది ఏ కొండమీద ఏ ఏడు ఉందో చెప్పేది ఆ షీటే, ఫోన్లో ఫోటో కాదు.

కలెక్షన్ పెరగడం అంటే బీరువాలు నిండడం కాదండీ, లేబుల్ లేని షీటు చెత్తకిందే లెక్క (నేనూ అలా రెండు పారేశాను, సిగ్గుచేటు). ఊరు, తేదీ, ఆ చోటు సముద్రమట్టానికి ఎంత ఎత్తో, ముఖ్యంగా పువ్వు రంగు అక్కడే రాసేయండి, ఎండాక పసుపేదో తెలుపేదో తెలీదు అన్నీ గోధుమరంగే. కొమ్మకి పువ్వో కాయో ఉండాలి, ఒక ఆకు వెనక్కి తిప్పి పేపర్లో పెట్టండి. వానాకాలం కాబట్టి పేపర్లు రోజూ మార్చాలి లేకపోతే బూజే. అరుదైన మొక్క ఒకటే కనిపిస్తే మాత్రం పీకొద్దు ప్లీజ్, ఫోటో చాలు. పాత పేపర్లు ఎవరింట్లో ఉన్నాయో చెప్పండి