నాయిన ఇంటికొచ్చాడు, అందరికీ దండాలు

మా నాయినకు ఊపిరితిత్తి ఆపరేషన్ బాగా జరిగింది. దేవరకద్ర దగ్గర మా ఊరికి తిరిగొచ్చాడు. అందరికీ ఫోన్ చేయడం అయ్యేట్టు లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నెలల తరబడి దగ్గే. తెమడ పరీక్షలో టీబీ లేదన్నారు. ఒక రాత్రి దగ్గీ దగ్గీ నోటినిండా ఉప్పటి నీళ్లు కక్కాడు, వాటిలో తెల్లటి పొర ముక్కలు. ఒళ్లంతా దద్దుర్లు లేచి కళ్లు తిరిగి పడిపోయాడు. అప్పటికప్పుడు కారు తీసి మహబూబ్‌నగర్ చేర్చిన పక్కింటి అన్నకు మొదటి దండం.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగిన మాట మేం మరువం: "గొర్రెలు కాస్తారా? మంద వెంట కుక్కలుంటాయా?" స్కానింగ్‌లో తేలింది, హైడాటిడ్ తిత్తి, అంటే ఒక పురుగు వల్ల ఊపిరితిత్తిలో కట్టే నీటిబుగ్గ. అది పగిలి, లోపలి పొర నీళ్ల మీద తామరాకులా తేలుతోంది. సూది గుచ్చి నీళ్లు తీయొద్దని, ఆ నీళ్లు లోపల చిందితే ప్రాణం మీదికి రావచ్చని, కొత్త తిత్తులు కూడా పుట్టొచ్చని చెప్పి హైదరాబాద్ పంపింది. అక్కడి సర్జన్లు తిత్తి తీసి ఊపిరితిత్తిని నిలబెట్టారు. ఇంకా కొన్ని నెలలు అల్బెండజోల్ అనే పురుగుల మందు మాత్రలు, మధ్యమధ్యలో రక్తపరీక్షలు ఉంటాయి.

చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నా. ఇది కుక్క పేగుల్లో ఉండే చిన్న బద్దెపురుగు వల్ల వస్తుంది. దాని గుడ్లు మలంతో గడ్డిలో, నీళ్లలో కలుస్తాయి. అవి గొర్రె కడుపులోకి పోతే కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటిబుగ్గలు కడతాయి. ఆ కార్జం తిన్న కుక్కకు మళ్లీ పురుగు. గుడ్లు మన నోట్లోకి పోతే మనలోనూ అంతే, ఏళ్లకేళ్లు చప్పుడు లేకుండా పెరుగుతుంది. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు. నాయినను చూడటానికి వచ్చేవాళ్లు జంకకండి, పక్కనే కూర్చోండి.

మా పెద్దనాయిన, బావలు మా మందను వాళ్ల మందలో కలుపుకుని మేపారు. ఈనిన గొర్రెలను, పిల్లలను సొంతవాటిలా చూశారు. కూలి ఇస్తానంటే కోప్పడ్డారు. నాయినకు దవాఖానలో ఉన్న టెన్షనంతా మంద గురించే, అది తీర్చింది వాళ్లే. పశువుల డాక్టరు గారు ఊరికొచ్చి మంద కుక్కలన్నిటికీ ఈ బద్దెపురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మాత్రలు వేశారు. దసరాకు కోసేటప్పుడు బుగ్గలున్న కార్జం కుక్కలకు వేయకుండా లోతుగా పాతిపెట్టిస్తామని కుల పెద్దలు మాటిచ్చారు. ఆ మాటకు వాళ్లకు ప్రత్యేకంగా దండం.

ఆపరేషన్ రోజు రక్తమిచ్చిన ఇద్దరు పిల్లల నంబర్లు తీసుకోలేదు. ఈ పోస్టు చూస్తే మెసేజ్ పెట్టండి తమ్ముడూ, నాయిన మీతో మాట్లాడతానంటున్నాడు.