అమ్మకి, మొన్న ఫోన్‌లో చెప్పలేనివి

అమ్మా,

మొన్న నువ్వు మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాను, అప్పట్నుంచి మనసులో అదే తిరుగుతోంది. కోపం కాదు, ఇంకొక్క మాటంటే ఏడ్చేసేదాన్ని. అందుకే తీరిగ్గా రాస్తున్నా, నాన్నకి కూడా చదివి వినిపించమని చిన్నాడికి చెప్పు.

ముందు ఈ భయం వదిలెయ్. నేను అంటార్కిటికా వెళ్లలేదు, వెళ్లేదీ లేదు. టీవీలో మంచు విరిగిందని చూపించినప్పుడల్లా గుండె పట్టుకుంటున్నావట. నేను హీటరున్న గదిలో రెండు స్క్రీన్ల ముందు కూర్చుంటాను, అక్కడి మంచును చూసేది దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తున తిరిగే సెంటినెల్-1 శాటిలైట్. ఉద్యోగం బాగానే ఉంది, కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు.

నెలల తరబడి చీకటిగా ఉండే చోట ఫొటో ఎలా తీస్తారని అడిగావు కదా. దానిది కెమెరా కాదమ్మా, రాడార్. తరంగాల్ని కిందికి పంపి, తిరిగొచ్చినవాటితో బొమ్మ కడుతుంది, చీకటీ మబ్బూ దానికి అడ్డం కావు. 12 రోజుల తేడాతో ఒకే చోట తీసిన రెండు బొమ్మల్ని కలిపి చూస్తే, మంచు కదిలిన చోట రంగురంగుల పట్టీలు తేలతాయి, నీళ్లమీద నూనె తెట్టులాగా. నేను చూసేది నేలని అంటుకుని సముద్రం మీద తేలే పెద్ద మంచు పలక, అందుకే ఆటుపోట్లకి లేచి దిగుతుంది, ఆ లెక్క తీసేశాకే అసలు కదలిక తెలుస్తుంది. పట్టీలు సాఫీగా సాగితే పలక ఒక్కటిగా ఉన్నట్టు. పగులుంటే అక్కడికొచ్చి టక్కున తెగి, అవతల ఇంకోచోట మొదలవుతాయి. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఇంటికెళ్దామని లేచి మళ్లీ కూర్చుండిపోయాను. పోయినసారి కలిసున్న రెండు పట్టీలు ఈసారి తెగాయి. మామూలు ఫొటోలో చూస్తే అక్కడ ఏమీ లేదు, తెల్లగా ఉంది అంతే. స్క్రీన్ మీద ఆ చోటుని వేలితో తడిమి చూశాను.

తేలే మంచు విరిగితే సముద్రం పెరగదు కదా అని నాన్న అన్నది నిజమే. కానీ ఆ పలక వెనక, నేలమీద ఉన్న హిమానీనదాలకి అదే అడ్డుకట్ట. 2002లో అక్కడే లార్సెన్-బి అనే మంచు పలక పోయింది చూడు, జనవరి 31 నాటి బొమ్మలో మంచు మీద సన్నటి నీలం గీతలు, కరిగిన నీటి మడుగులవి. ఆ నీళ్లే పగుళ్లలోకి దిగి బరువుతో చీల్చుకుంటూ పోయాయి. మార్చి మొదటివారం దాటేసరికి సుమారు 3,250 చదరపు కిలోమీటర్ల మంచు తునాతునకలైంది. తర్వాత వెనకున్న హిమానీనదాలు కొన్ని రెట్ల వేగంతో సముద్రంలోకి జారాయి, సముద్రం పెరిగేది ఆ మంచుతోనే. ఆ రెండు బొమ్మలూ ఎన్నిసార్లు చూశానో, ఇప్పటికీ చూస్తే కడుపులో తిప్పుతుంది.

"తెలుసుకుని ఏం చేస్తావే, ఆపగలవా?" అన్నావు. నాకు నొప్పి తగిలింది అక్కడే. ఆపలేనమ్మా. కానీ బ్రంట్ అనే మంచు పలక మీద 35 ఏళ్లు కదలకుండా ఉన్న ఒక పగులు 2012లో కదులుతోందని శాటిలైట్ బొమ్మల్లోనే తెలిసింది. అక్కడున్న హాలీ పరిశోధన కేంద్రాన్ని 23 కిలోమీటర్లు లోపలికి జరుపుకున్నారు. 2023 జనవరిలో 1,550 చదరపు కిలోమీటర్ల ముక్క విడిపోయింది, కేంద్రానికి ఏమీ కాలేదు. ఎవరో ఒకరు కూర్చుని చూడబట్టే కదా.

ఇంకో సంగతి. చిన్నాడు పంపిన ఫొటోలో నాన్న కుర్చీ పక్కన గోడకి చేతికర్ర ఆనించి ఉంది. మార్చిలో పంపిన ఫొటోలో లేదు. అదే కుర్చీ, అదే కిటికీ, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎప్పట్నుంచి? మోకాలేనా, కళ్లు తిరిగి పడ్డారా? డాక్టర్ ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పు. నేను టెన్షన్ పడతానని దాస్తే ఇంకా ఎక్కువ పడతాను. నేనేం సన్నబడలేదు, ఆ స్వెటరే వదులు.

తర్వాతి బొమ్మ ఇంకో పదకొండు రోజులకి వస్తుంది, అప్పటిదాకా ఆగను, ఆదివారం పొద్దున్నే చేస్తాను. వీడియోలోనే చేస్తాను. ఫోన్ నువ్వు పట్టుకో, నాన్నని గదిలోంచి వరండా దాకా నడవమను. నేను చూడాలి.

నీ పెద్దమ్మాయి