ఇంట్లో అందరికీ ఒకే ప్రింటర్: చేయవలసిన పని రౌటర్‌లో ఉంది

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఇంటికి ఏ ప్రింటర్ కొనాలన్న విషయంపై మీ పత్రిక సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌కూ లేజర్ ప్రింటర్‌కూ ఉన్న తేడాను, పేజీకి పడే ఖర్చును వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే ప్రింటర్ పెట్టె ఇంటికి చేరడంతోనే ఆ వ్యాసం ఆగిపోయింది. కొన్నవారికి ఇబ్బంది మొదలయ్యేది ఆ తరువాతే. పాలిటెక్నిక్ కళాశాలలో చాలా ఏళ్లు కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూసి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఆ మిగిలిన భాగాన్ని మీ పాఠకుల కోసం రాస్తున్నాను.

సాధారణంగా జరిగేది ఇది. దుకాణం తరఫున వచ్చిన కుర్రవాడు ప్రింటర్‌ను ఒక ల్యాప్‌టాప్‌కు కేబుల్‌తో కలిపి, డ్రైవర్ (ప్రింటర్‌కు పని చెప్పడానికి కంప్యూటర్‌కు కావలసిన సాఫ్ట్‌వేర్) ఎక్కించి, ఒక నమూనా పేజీ తీసి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. ప్రింటర్‌కు వైఫై ఉన్నా దాని జోలికి పోడు. ఆ రోజు నుంచి ఇంట్లో మిగిలినవారంతా తమ కాగితాలను ఆ ల్యాప్‌టాప్ ఉన్నవారికి వాట్సాప్‌లో పంపి ఎదురుచూడవలసిందే. ఆ మనిషి ల్యాప్‌టాప్‌తో సహా ఆఫీసుకు వెళ్లిపోతే, ప్రింటర్ ఎదురుగా ఉండగానే వీధి చివరి జిరాక్స్ షాపుకు నడవాలి. కొంచెం తెలిసినవారు వైఫైకి కలుపుకుంటారు. అది కొన్నాళ్లు బాగానే నడిచి, ఒక రోజు ఏ కంప్యూటర్ నుంచి ఆదేశం ఇచ్చినా ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తుంది. ప్రింటర్‌లో దీపం వెలుగుతూనే ఉంటుంది, కాగితం ఉంటుంది, ఇంకు ఉంటుంది. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తే ఆ పూటకు పని చేస్తుంది, తరువాత మళ్లీ అదే కథ. ఇలా విసిగిపోయి ప్రింటర్‌ను అటక ఎక్కించిన ఇళ్లు నాకు చాలా తెలుసు.

ఈ జబ్బు చాలాసార్లు ప్రింటర్‌ది కాదు, కంప్యూటర్‌దీ కాదు. ఇంటికి వైఫై ఇచ్చే పెట్టె, అంటే రౌటర్, ఇంట్లోని ప్రతి పరికరానికీ ఐపీ అడ్రస్ అనే చిరునామా సంఖ్య ఒకటి ఇస్తుంది; 192.168.1.5, 192.168.1.6 అన్నట్లుగా ఉండే ఈ సంఖ్యలు ఆ ఇంటి వరకే చెల్లుతాయి. వాటిని పంచే ఏర్పాటును డీహెచ్‌సీపీ అంటారు. అది లాడ్జి గుమాస్తా లాంటిది: వచ్చినవారికి ఖాళీగా ఉన్న గది తాళం ఇస్తుంది, గడువు తీరాక మళ్లీ వస్తే పాత గదే దొరుకుతుందన్న హామీ ఇవ్వదు. ఫోన్లకు, టీవీకి దీనితో ఇబ్బంది లేదు, ఎందుకంటే వాటిని వెతుక్కుంటూ ఎవరూ వెళ్లరు. అవే బయటకు వెళ్లి తమకు కావలసింది తెచ్చుకుంటాయి. ప్రింటర్ సంగతి వేరు. దాన్ని మిగిలిన పరికరాలు వెతుక్కుంటూ రావాలి. కరెంటు పోయి రౌటర్ మళ్లీ మొదలైనప్పుడు, పలు ఇళ్ల రౌటర్లకు పాత కేటాయింపులు గుర్తుండవు; ప్రింటర్ లేచేలోగా దాని పాత సంఖ్యను ఎవరి ఫోనో తీసుకుని ఉంటుంది. కంప్యూటర్ మాత్రం ఆ పాత సంఖ్యకే ఆదేశాలు పంపుతూ, జవాబు రాక ప్రింటర్ ఆఫ్‌లైన్‌లో ఉందని తేలుస్తుంది. వేసవి కోతల కాలంలో ఈ ఫిర్యాదులు పెరగడానికి ఇదొక కారణమని నా అనుభవం.

కాబట్టి చేయవలసిన మొదటి పని ప్రింటర్‌కు రౌటర్‌లో ఒక సంఖ్యను శాశ్వతంగా కేటాయించడం. ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ వివరాల పేజీని ముద్రించుకునే అవకాశం దాదాపు అన్నింటికీ ఉంటుంది. అందులో ఎంఏసీ అడ్రస్ అని పన్నెండు అంకెలు, అక్షరాలు కలిసిన గుర్తు ఉంటుంది. అది ఆ ప్రింటర్ నెట్‌వర్క్ భాగానికి తయారీలోనే ఇచ్చిన గుర్తు. లాన్ కేబుల్‌కూ వైఫైకీ రెండు వేర్వేరు గుర్తులు ఉన్న ప్రింటర్లలో, మనం వాడేది ఏదో చూసి రాసుకోవాలి. తరువాత రౌటర్ మీద అంటించిన చీటీలో ఉన్న చిరునామాను బ్రౌజర్‌లో టైప్ చేసి, అక్కడే ఉన్న పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, డీహెచ్‌సీపీ విభాగం తెరవాలి. అడ్రస్ రిజర్వేషన్ అనో, స్టాటిక్ లీజ్ అనో, స్టాటిక్ బైండింగ్ అనో కంపెనీని బట్టి పేరు మారుతుంది. ఎంఏసీ అడ్రస్ ఒక గడిలో, ప్రింటర్‌కు ఇవ్వదలచిన సంఖ్య ఇంకో గడిలో రాసి సేవ్ చేసి, ప్రింటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేస్తే సరి. ఇకపై ఎన్నిసార్లు కరెంటు పోయి వచ్చినా ప్రింటర్ ఆ సంఖ్య దగ్గరే ఉంటుంది.

ఇదే పనిని ప్రింటర్ మెనూలోనే సంఖ్య టైప్ చేసి చేయవచ్చని కొందరు చెబుతారు. చేయవచ్చు, కానీ నేను ఆ పద్ధతిని సిఫారసు చేయను. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ మార్చినప్పుడు కొత్త రౌటర్ 192.168.1 వరుసకు బదులు 192.168.29 వంటి వేరే వరుసలో సంఖ్యలు ఇవ్వవచ్చు. అప్పుడు పాత వరుసలోని సంఖ్యను పట్టుకుని కూర్చున్న ప్రింటర్ ఎవరికీ అందకుండా పోతుంది. కేటాయింపు రౌటర్‌లో ఉంటే, కొత్త రౌటర్‌లో దాన్ని మళ్లీ రాసుకుని, కంప్యూటర్లలో సంఖ్య మార్చుకుంటే చాలు. కొత్త రౌటర్‌కు పాత వైఫై పేరునూ పాత పాస్‌వర్డ్‌నూ ఉన్నవి ఉన్నట్లు పెట్టమని కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవారిని అడగండి. ప్రింటర్‌తో పాటు ఇంట్లోని మిగతా పరికరాలన్నీ వాటంతట అవే కలిసిపోతాయి.

మొదటిసారి వైఫైకి కలిపేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. ఇళ్లకు అమ్మే ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. రౌటర్ తాను ఇచ్చే రెండో రకమైన 5 గిగాహెర్ట్జ్ వైఫైకి వేరే పేరు పెట్టి ఉంటే ఆ పేరు ప్రింటర్‌కు కనిపించదు. ఫోన్ ఒకదానిలో, ప్రింటర్ మరొకదానిలో ఉన్నా రెండూ ఒకే రౌటర్‌వి కనుక సాధారణంగా ముద్రణకు అడ్డు ఉండదు. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ నెట్‌వర్క్‌కు ప్రింటర్‌ను కలిపితే మాత్రం పని జరగదు. అందులోని పరికరాలు ఇంటి పరికరాలను చూడకుండా ఉండడమే ఆ ఏర్పాటు ఉద్దేశం.

ఇక ఫోన్లు, కంప్యూటర్ల వైపు పని తేలిక. ఐఫోన్లలో 2010 నుంచి ఎయిర్‌ప్రింట్ అనే ముద్రణ సౌకర్యం ఉంది. కెనాన్, హెచ్‌పీ, శాంసంగ్, జిరాక్స్ కంపెనీలు కలిసి 2013లో ఏర్పరచిన మోప్రియా కూటమి ప్రమాణం ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోన్లలోనే అమర్చి వస్తోంది. ఇవి ఉన్న ప్రింటర్లకు డ్రైవర్ వెతకనవసరం లేదు, కంపెనీ యాప్ లేకపోయినా ముద్రణ జరుగుతుంది. విండోస్ కూడా ఆ దారినే పట్టింది. కంపెనీల సొంత డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం క్రమంగా తగ్గించుకుంటామని మైక్రోసాఫ్ట్ 2023లో ప్రకటించింది. విండోస్ తనంతట తాను ప్రింటర్‌ను కనిపెట్టినప్పుడు డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టుతో, అంటే అనుసంధాన మార్గంతో, కలుపుకోవడం కద్దు, అది తరచూ తెగిపోతుంది. ఆఫ్‌లైన్ బాధ పడుతున్నవారు ప్రింటర్‌ను తొలగించి, ‘ఐపీ అడ్రస్ ద్వారా చేర్చు’ అన్న మార్గంలో, రౌటర్‌లో కేటాయించిన సంఖ్యనే ఇచ్చి మళ్లీ చేర్చుకోవాలి. అప్పటికీ ఆఫ్‌లైన్ అంటుంటే ఆ పోర్టు అమరికల్లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ అన్న గడిలోని టిక్కు తీసేయడం మంచిది. ప్రతి కంప్యూటర్‌లోనూ కాగితం కొలత ఏ4 అని ఉందో లేదో కూడా చూసుకోవాలి. అమెరికా వాడే లెటర్ కొలతే ముందుగా ఎంపికై ఉంటే, ట్రేలో కాగితం ఉన్నా కొన్ని ప్రింటర్లు వేరే కాగితం పెట్టమంటూ ఆగిపోతాయి.

వైఫై గానీ లాన్ గానీ లేని పాత ప్రింటర్ల గురించి మీ వ్యాసంలో ప్రస్తావనే లేదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 వంటివి మన ఊళ్లలో నెట్ సెంటర్లలోనూ ఇళ్లలోనూ నేటికీ పని చేస్తున్నాయి. గట్టి యంత్రాలు, టోనర్ రీఫిల్ చౌక. వీటిని పారేయమనడం అన్యాయం. వీటికి ఉన్నది యూఎస్‌బీ ఒక్కటే కనుక ఒక కంప్యూటర్‌కు కలిపి, అక్కడి నుంచి షేర్ చేయాలి. ఆ కంప్యూటర్ మేలుకుని ఉన్నంతసేపే మిగిలినవారికి ముద్రణ దొరుకుతుంది కాబట్టి స్లీప్ అమరికను ఆపేయాలి. విండోస్ అమరికల్లో నెట్‌వర్క్‌ను పబ్లిక్ కాక ప్రైవేట్‌గా పెట్టుకోవాలి. ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ ఉన్న ఒక ఖాతా ఉండాలి, మిగిలిన కంప్యూటర్ల నుంచి ఆ పేరు, ఆ పాస్‌వర్డ్‌తోనే ప్రవేశించాలి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో ప్రో ఎడిషన్, మనం అమరిక మార్చకపోతే, పాస్‌వర్డ్ లేని అతిథి ప్రవేశాన్ని అంగీకరించదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. విండోస్ ముద్రణ సేవలో ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు పడిన తీవ్రమైన లోపం 2021లో బయటపడింది. ఆ ఏడాది వరుసగా వచ్చిన భద్రతా సవరణల తరువాత ఎన్నో చోట్ల షేర్డ్ ప్రింటర్లు ‘11బీ’తో ముగిసే దోష సంఖ్య చూపించి ఆగిపోయాయి. దానికి మందుగా విండోస్ లోపలి అమరికల పట్టిక అయిన రిజిస్ట్రీలో ఒక విలువను సున్నా చేయమనీ, వచ్చిన అప్‌డేట్‌ను తీసేయమనీ వీడియోల్లో చెప్పినవారు కోకొల్లలు. ఆ సలహాలు ఈనాటికీ తిరుగుతున్నాయి. అలా చేస్తే ప్రింటర్ కదులుతుంది, కానీ ఏ ద్వారాన్ని మూయడానికి ఆ సవరణ వచ్చిందో అదే మళ్లీ తెరుచుకుంటుంది. రెండు కంప్యూటర్లకూ అప్‌డేట్లు పూర్తి చేసి, రెండోదానిలో అడ్మినిస్ట్రేటర్‌గా డ్రైవర్ ముందే ఎక్కించుకుని, తరువాత కలుపుకోవడం సరైన పద్ధతి. ఇంట్లో ఇంకా విండోస్ 7 యంత్రం ఉంటే, దానికి 2020 జనవరిలోనే మద్దతు ముగిసింది కనుక దాన్ని ప్రింటర్ పంచే యంత్రంగా పెట్టకపోవడమే మేలు. కొంచెం చేతి పని ఇష్టపడేవారు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో కప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుని యూఎస్‌బీ ప్రింటర్‌ను వైఫై ప్రింటర్‌గా మార్చుకోవచ్చు. 1020 ఇలా నడుస్తుంది. ఆన్ చేసిన ప్రతిసారీ దానికి కావలసిన ఫర్మ్‌వేర్‌ను (ప్రింటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను) పంపే స్వచ్ఛంద డ్రైవర్, ఆ చిన్న కంప్యూటర్‌ను నడిపే లైనక్స్‌లో ఉంది. ఎల్‌బీపీ 2900తో అంత సులువు కాదు.

తెలుగులో డీటీపీ చేసుకునేవారికి షేర్డ్ ప్రింటర్ వల్ల ప్రత్యేకమైన లాభం ఉంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పెళ్లి పత్రికనో, ప్రశ్నపత్రాన్నో పెన్‌డ్రైవ్‌లో వేరే కంప్యూటర్‌కు తీసుకువెళ్తే, అక్కడ ఆ ఫాంటు లేకపోతే అక్షరాలన్నీ పిచ్చి గుర్తులవుతాయి. ప్రింటర్ నెట్‌వర్క్‌లో ఉంటే ఫైలు కదలనవసరం లేదు. ఫాంటు ఉన్న కంప్యూటర్ నుంచే ముద్రణకు పంపవచ్చు.

ఇంటి వెలుపల నుంచి కూడా ముద్రించాలన్న మోజుతో రౌటర్‌లో పోర్టులు, అంటే బయటివారు లోపలికి రాగల ద్వారాలు, తెరవవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. 9100, 631 సంఖ్యల పోర్టులు ఇంటి లోపలి ముద్రణకు ఉద్దేశించినవి. 2018 చివర్లో ఒక హ్యాకర్ 9100 పోర్టు బయటకు తెరిచి ఉన్న ప్రింటర్లను వెతికి, తానే చెప్పుకున్నదాని ప్రకారం సుమారు 50 వేల ప్రింటర్లలో, ఒక యూట్యూబ్ ఛానల్‌కు ప్రచారం చేసే కాగితాలు ముద్రించాడు. అది ఆకతాయి పని కనుక కాగితంతో పోయింది. కంపెనీల క్లౌడ్ సేవల మీద పూర్తిగా ఆధారపడడమూ మంచిది కాదు. గూగుల్ తన క్లౌడ్ ప్రింట్ సేవను 2020 డిసెంబరు 31తో మూసివేసింది. ఇంటి నెట్‌వర్క్‌లో నేరుగా జరిగే ముద్రణకు ఇంటర్నెట్ అవసరమే లేదు. బ్రాడ్‌బ్యాండ్ తెగిపోయిన రోజున కూడా రౌటర్ వెలుగుతుంటే చాలు, ఫోన్‌లో ఉన్న హాల్ టికెట్ కాగితం మీదికి వస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు, రెండు రూపాయలిస్తే షాపులో తీసిస్తారు కదా అనేవారు ఉన్నారు. షాపులో తీయించే కాగితాలు ఏవో ఒకసారి చూడండి: ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంటు, వైద్య పరీక్షల నివేదికలు. అవన్నీ షాపు వారి వాట్సాప్‌లోనో, అక్కడి కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోనో ఉండిపోతాయి. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటే, పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అదే పాస్‌వర్డ్ అని అందరికీ తెలుసు. పైగా ముద్రించడం కోసం దాన్ని మనమే చెబుతాం. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉన్నా, ఇంట్లో ముద్రించుకునే సౌకర్యం లేనివారు దానికోసం కూడా షాపుకే వెళ్లాలి.

ప్రింటర్లు అమ్మే దుకాణాలు ఇన్‌స్టాలేషన్ పేరుతో మనిషిని పంపుతున్నాయి. ఆ మనిషి వెళ్లేలోగా రౌటర్‌లో అడ్రస్ కేటాయించి, ఇంట్లో కనీసం ఒక కంప్యూటర్, ఒక ఫోన్ నుంచి కేబుల్ లేకుండా పేజీ తీసి చూపాలని కొనేవారు పట్టుబట్టాలి. సంతకం చేసేది ఆ తరువాతే. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ ఇళ్లలో కనిపించే రౌటర్లలో ఈ కేటాయింపు పేజీ ఎక్కడ ఉందో బొమ్మలతో సహా తెలుగులో చూపిస్తూ మీ సాంకేతిక పేజీలో అర పేజీ కేటాయించవలసిందిగా కోరుతున్నాను. అవసరమైతే వివరాలు రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
పదవీ విరమణ చేసిన ల్యాబ్ ఉద్యోగి,
హనుమకొండ